నా పొడుగుకు రెండింతల దోటి

కరెంటాయన మా గేటు ముందు మోటార్‌సైకిల్ ఆపి, దిగకుండానే తల పైకెత్తి మా సీమచింత చెట్టును చూశాడు. పెళ్ళిచూపులకు వచ్చిన మేనత్తలు పిల్లను అట్లాగే చూస్తారు, వంక ఎక్కడ దొరుకుతుందా అని. ఆయనకు దొరికింది. వీధి తీగల మీదికి సాగిన ఒక కొమ్మ. "అవ్వా, గాలి వచ్చినప్పుడల్లా ఈ కొమ్మ తీగకు తగులుతాండాది. వీధంతా కరెంటు పోతాండాది. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా మాకు పని ఉండాది, లైను ఆపుతాం. ఆ రెండు గంటల్లో కొమ్మ తీయించుకో. లేదంటే సోమవారం మావాళ్ళతో వచ్చి మొదలికే కొట్టేస్తాం" అన్నాడు. కొమ్మ తప్పు చేస్తే చెట్టును కొట్టేదేంది నాయనా అని అడిగాను. "ఒక్కొక్క కొమ్మా ఏరుకుంటా నిలబడేకి మాకు టైము యాడిదవ్వా?" అని బండి స్టార్టు చేశాడు. పేరు రమణ. పిల్లవాడు మంచివాడే. చెడ్డవాడైతే చెప్పకుండానే కొట్టేసేవాడు.

అనంతపురం ఊరి చివర మాకున్నది చిన్న ఇల్లు. ఉండేది నేనూ, నా కూతురు సుజాత. ఆమె ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తుంది. ఇంటి పక్క ఉన్న జానెడు జాగాలో ఒక మునగ, ఒక నిమ్మ, ఈ సీమచింత. సుజాతకు చెట్టు మీద కోపం లేదు. ఆకుల మీద కోపం. ఊడ్చేది నేనే కదా అంటే, "నువ్వు నడుం పట్టుకుని ఊడుస్తాంటే చూసేది నేనే కదా" అంటుంది. చెట్లెక్కే మనిషి ఒకడుంటే పిలిపించాను. అతను ముళ్ళు చూశాడు, నన్ను చూశాడు. "దీన్నెక్కితే నన్ను దించేకి ఇంకొకడు కావల్లవ్వా. మొదలికి కొట్టేస్తాను, ఒక్క పూటలో అయిపోతాది" అన్నాడు. వచ్చిన ప్రతివాడికీ మొదలే కనబడుతుంది, అదేం చిత్రమో. సీమచింతకు ముళ్ళుంటాయి, ఎక్కడానికి కుదరదు. నిచ్చెన ఎక్కే మోకాళ్ళు నాకు లేవు. కింద నిలబడి పైన కోసే పరికరం ఏదన్నా కావాలి. అంటే దోటి కావాలి. ఆ మాట నా నోటి నుంచి రాగానే సుజాత "దోటి అంటే ఏందిమా?" అంది. మేకలోళ్ళ ఇంట్లో పుట్టిన దాని కూతురు అడగవలసిన ప్రశ్న కాదు. కానీ దోషం ఆమెది కాదు. దోటి గురించి నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది, వస్తాను అక్కడికి.

దోటి అంటే పొడుగాటి వెదురు, దాని కొసకు కట్టిన కొడవలి. అంతే. చెట్టు కింద నిలబడి కొమ్మకు తగిలించి లాగితే ఆకు మేకల ముందుకు వస్తుంది. మా ఊరు శింగనమల చెరువుకు ఎగువన ఉంది. ఎగువన అంటే నీళ్ళు బాగా కనబడతాయని, మాకు అందవని. గుట్ట మీద నిలబడితే చెరువు మొత్తం అద్దంలా మెరిసేది, కింది ఊళ్ళవాళ్ళ వరి మళ్ళు పచ్చగా కనబడేవి, మా మేకలు మాత్రం మా రాళ్ళ మధ్య తుమ్మకాయలు ఏరుకునేవి. మా నాయనకు ముప్పై మేకల దాకా ఉండేవి. ఇంట్లో నాయన, అమ్మ, జేజి, నేను. మగపిల్లలు లేరు కాబట్టి రెండో దోటి నా చేతికి వచ్చింది. మగపిల్లలుంటే నా చేతికి పలక వచ్చేదని ఎవరూ అనుకోవద్దు. చీపురు వచ్చేది.

దోటి ఎంచుకోవడం మా నాయనకు ఒక పూట పని. సంతలో వెదుర్లమ్మేవాడి దగ్గర నన్ను పక్కన నిలబెట్టుకుని, ఒక్కొక్క కర్రా తీసి, మొదలు పట్టుకుని, చెయ్యి చాచి పైకెత్తేవాడు. కొస ఊగితే దింపేసేవాడు. "అన్నిటికీ తల ఊపే కర్రా, అన్నిటికీ తల ఊపే మనిషీ పనికి రారు పాపా" అనేవాడు. ఊగనిది దొరికితే దాన్ని బండ మీద తట్టి చెవి పెట్టి వినేవాడు. లోపల పురుగు తొలిచి ఉంటే శబ్దం వేరుగా వస్తుందట. నాకెప్పుడూ తేడా తెలియలేదు, తెలిసినట్టు తల ఊపేదాన్ని. వెదుర్లాయనకు ఓపిక పోయేది. "ఏమన్నా, పొద్దన్నుంచీ నా కర్రలన్నీ ఎత్తి దించితివి. నీకు నేనే కూలి ఇయ్యాల్నా?" అనేవాడు. నాయన ఇంకో కర్ర ఎత్తేవాడు. చివరికి ఒకటి తీసి నా పక్కన నిలబెట్టి, నా తల దగ్గర గోటితో గుర్తు పెట్టి, అక్కడి నుంచి మళ్ళీ అంతే కొలిచి, మిగిలింది అక్కడే నరికించేవాడు. ఎవరి దోటి వాళ్ళ పొడుగుకు రెండింతలు. అంతకు మించకూడదు. మేకలోళ్ళందరికీ అదే కట్టుబాటు. ఆ దోటికి అందినంత మేకలది. అందనిది చెట్టుది. ఆ మిగిలిన పై ఆకును కొప్పు అనేవాళ్ళం. ఎంత కరువొచ్చినా చెట్టుకు కొప్పు ఉండాలి.

కొన్న వెదురును వెంటనే వాడకూడదు. ఆముదం పూసి పొయ్యి మీద దూలానికి వేలాడదీసేవాడు నాయన. మూడు నెలలు పొగ తాగాలి. కింద అమ్మ సంగటి కెలుకుతుంటే మసి రాలి ఆమె తల మీదా, ఒక్కోసారి సంగట్లోనూ పడేది. "నీ కర్రకు నా పొయ్యే దొరికిందా? మేకలకైతే మంచి కూడు పెడతాండావు, మాకు మసి పెడతాండావు" అని అమ్మ తిట్టేది. జేజి మూలన కూచుని, ఊరిబిండి పచ్చడి నాకుతూ, "మసి మంచిదే, కడుపు చల్లగ పెడతాది" అని కొడుకును వెనకేసుకొచ్చేది. ఆమెకు పళ్ళు లేవు, మసి తెలిసేది కాదు. ఆముదం, పొగ, మేకల వెంట్రుక, రాగి సంగటి నాలుగూ కలిసిన వాసన మా ఇంటిది. ఇప్పుడు సుజాత స్నానాలగదిలో ఏదో గులాబీ వాసన సీసా పెట్టింది. బాగానే ఉంటుంది. కాకపోతే ఆ వాసన ఎవరి ఇంట్లోనైనా ఉంటుంది.

ఇక కొడవలి. కమ్మరాయన దగ్గర నాయన ఒకటే చెప్పేవాడు. "మరీ పదును పెట్టొద్దప్పా." కమ్మరాయనకు అవమానంగా ఉండేది. "నా చేతి పదును కోసం బండ్లు కట్టుకుని వస్తారు. మీ మేకలోళ్ళకేమో మొద్దుది కావల్ల" అని సుత్తిని విసురుగా పెట్టేవాడు. మొద్దుది కావాల్సిన కారణం ఉంది. మేమెప్పుడూ కొమ్మను పూర్తిగా కోయము. పైనుంచి సగం తెగాలి, బరువుకు కొమ్మ ఫట్‌మని వంగి కిందికి వాలాలి, కింది బెరడు మాత్రం చెట్టును పట్టుకుని ఉండాలి. మేకలు ముందరికాళ్ళు ఎత్తి వేలాడే ఆకు తింటాయి. బెరడు నుంచి నీరు అందుతుంది కాబట్టి కొమ్మ చావదు, మళ్ళీ చిగురిస్తుంది. వచ్చే యేటికి ఆకు ఎక్కడో పైన కాకుండా మేక మూతికి అందే ఎత్తులోనే ఉంటుంది. పదును ఎక్కువైతే కొమ్మ ఒక్క లాగుకు తెగి కింద పడుతుంది. ఆ పూటకు మేత, ఆపైన కట్టె. ఆ ఒడుపు నాకు ఏడేళ్ళకు నేర్పించాడు నాయన. లాగుతుంటే కర్ర గుండా ఒక వణుకు చేతికి వస్తుంది, సగం తెగిందని. అక్కడ ఆపాలి. "చెవులతో కాదు, అరచేత్తో విను" అనేవాడు.

అక్షరాలు మాత్రం నాకు నలభై అయిదేళ్ళకు వచ్చాయి. ఆడవాళ్ళకని సాయంత్రం బడి పెట్టినప్పుడు సుజాత చెయ్యి పట్టుకుని పోయాను. మా పంతులమ్మ నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. ఆలస్యంగా చదువు వచ్చినవాళ్ళకు ఒక రోగం ఉంటుంది. కనబడిందల్లా చదువుతాం. బస్సు బోర్డులు, మాత్రల అట్టలు, మిఠాయి చుట్టిన కాగితాలు, గోడల మీద రాసిన తిట్లు. చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్ళు చదవడం మానేసినవన్నీ మేమే చదువుతాం. సుజాత ఫోన్‌లో చెట్లు కోసే పొడుగు పరికరాలు చూపించినప్పుడు, బొమ్మలు వదిలేసి కింద రాసిందంతా అక్షరం అక్షరం చదువుతూ కూచున్నాను. ఒకటి చక్రాలతో వస్తుందట. ఒకటి బ్యాటరీదట. ఒకదానికి కొన్నవాడెవడో "చాలా బాగుంది, ఇంకా వాడలేదు" అని రాశాడు. అది చదివాక ఫోన్ ఆమెకిచ్చేసి, ముట్టుకుని చూడకుండా దోటి కొనను, బజారుకు పోదాం పద అన్నాను.

బజారులో ఇనుప సామాన్ల అంగడి. అంగడాయన పేరు ఖాదర్. నా వయసు చూసి కూచోమని స్టూలు వేశాడు, అదొక్కటే నాకు నచ్చింది. మూడు పరికరాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి ఇనుప గొట్టానికి కొడవలి బిగించింది. రెండోది తెల్లగా మెరిసే అల్యూమినియం కర్ర, ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్న అయిదు ముక్కలు, లాగేకొద్దీ సాగుతుంది, కొసకు రంపం. మూడోది పసుపు పచ్చ ఫైబరు కర్ర, రెండు ముక్కలు, కొసకు రంపం, పక్కన తాడు లాగితే మూసుకునే కత్తెర. "అవ్వా, ఈ తెల్లది తీసుకో. పద్దెనిమిది అడుగులు పోతాది. రంపం చూడు, ఒక్క లాగుకే తెగుతాది" అన్నాడు ఖాదర్.

"ఒక్క లాగుకే తెగితే మేకలకేం మిగులుతాది?" అన్నాను. నోరు జారింది. సుజాత నా మోచెయ్యి గిల్లింది.

"మేకలుండాయా అవ్వా మీకు?"

"లేవులే."

నేను స్టూలు మీద నుంచి లేచి తెల్లకర్రను పూర్తిగా సాగదీయించి, మొదలు పట్టుకుని ఎత్తాను. కొస ఊగింది. అంగట్లో వేలాడుతున్న తాళాల గుత్తులకు తగిలి గలగలమంది. దింపేశాను. ఫైబరుది ఎత్తాను. దానిదీ ఊగింది గానీ తక్కువ. నేల మీద తట్టి చెవి పెట్టాను. ఖాదర్ తమ్ముడు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. "అవ్వా, పుచ్చకాయ కాదు అది. ఏం వినపడతాండాది నీకు?" అన్నాడు ఖాదర్. "మా నాయన కూడా ఇట్లే వినేవాడు. ఆయనకేం వినపడేదో నాకూ తెలీదు" అన్నాను. నిజమే చెప్పాను. వాళ్ళు దాన్ని తమాషా అనుకున్నారు.

తర్వాత నా రోగం నన్ను కాపాడింది. తెల్లకర్రకు ఒక కాగితం అంటించి ఉంది. ఒక మూలన చిన్న అక్షరాల్లో, కరెంటు తీగల దగ్గర వాడరాదు, ఈ కర్ర గుండా కరెంటు పారును అని తెలుగులో ఉంది. వేలు పెట్టి గట్టిగా చదివాను. ఖాదర్ ముఖం మారింది. "ఇన్ని దినాల నుంచీ అమ్ముతాండాను, ఇది చదవలేదే" అన్నాడు. "నీకు చిన్నప్పుడే చదువొచ్చింది కదప్పా, అందుకే" అన్నాను. లైను ఆపుతామని రమణ చెప్పాడు, నిజమే. అయినా ఆపామని చెప్పిన కరెంటును నమ్మి అల్యూమినియం పట్టుకునేంత చదువు నాకింకా రాలేదు. ఫైబరుదే ఇమ్మన్నాను. పన్నెండు అడుగుల దాకా సాగుతుందట. నాకు పది చాలు, ముక్క తీసేయమన్నాను. నా పొడుగు అయిదడుగులు. ఖాదర్ సుజాత వైపు తిరిగి, "పొడుగు ఎక్కువుంటే వద్దనే గిరాకీని ఈరోజే చూస్తాండా మేడం" అన్నాడు. ముక్క తీయడానికి వీలు కాదట, కావలసినంతే సాగదీసుకోవచ్చట. నిజానికి వయసుకు నేను రెండంగుళాలు కుంగాను. నాయన లెక్క ప్రకారం దోటి నాలుగంగుళాలు తగ్గాలి. ఆ సంగతి అంగట్లో చెప్పలేదు.

పొడుగు దోటి వద్దని నాకెందుకంత పట్టుదల అని సుజాత ఆటోలో అడిగింది. అప్పుడు చెప్పాను. ఇంతకాలం చెప్పనిది అదే.

నాకు పన్నెండు పదమూడేళ్ళప్పుడు వరసగా మూడేళ్ళు వానల్లేవు. చెనిక్కాయ విత్తనం మట్టిలోనే వేగిపోయింది. నాయన కూలి వెతుక్కుంటూ బళ్ళారి దిక్కు పోయాడు. మేకలు నా చేతికొచ్చాయి. ముప్పైలో అప్పటికి పదకొండు మిగిలాయి. నాకు లెక్క రాదు, పేర్లతో లెక్కపెట్టేదాన్ని. కుంటిది, చెవులది, నల్లది, చుక్కది. చుక్కది చూలుతో ఉంది. ఒకరోజు నీళ్ళు ఎండిపోయిన వంక పక్కన పడుకున్నది లేవలేదు. వంక గట్టున ఒకే ఒక సీమచింత. నా దోటికి అందిన ఆకంతా ఎప్పుడో అయిపోయింది. పైన కొప్పు మాత్రం పచ్చగా ఊగుతోంది, నన్ను వెక్కిరిస్తున్నట్టు. నేను ఇంటికి పోయి నాయన దోటి తెచ్చి, నా దోటికి తాడుతో బిగించి కట్టాను. నాలుగు నిలువుల పొడుగు. ఎత్తితే తాగుబోతు లాగా ఊగింది. కొడవలి ఎలాగో కొప్పు మొదట్లో తగిలింది. అంత పొడుగు కర్రలో వణుకు చేతికి రాదు. సగం ఎక్కడో, పూర్తి ఎక్కడో తెలియదు. నా ఒళ్ళంతా వేసి వేలాడాను. కొప్పు మొత్తం తెగి నా పక్కన పడింది. చుక్కది పడుకునే తిన్నది. మిగిలినవి దాని నోటి ముందు నుంచి లాక్కుని తిన్నాయి. పొద్దు గుంకే లోపల ముళ్ళు మిగిలాయి. మర్నాడు చుక్కది లేచింది. చెట్టు మాత్రం మోడు.

నాయన తిరిగొచ్చినవాడు ముందు మేకలను తడిమాడు, తర్వాత వంక దగ్గరికి పోయాడు. నేను వెనకాలే పోయాను. చాలాసేపు చెట్టును చూసి, "కొప్పు తీసేస్తివి పాపా. రేపు యేటికి ఇదేమిస్తాది?" అన్నాడు. నాకు అప్పటికే ఈ నోరు ఉంది. "రేపు యేటికి మేకలుంటాయా నాయనా?" అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. ఆయన కింద కూచుని రెండు దోట్లకూ నేను వేసిన ముడులు ఒక్కొక్కటే విప్పాడు. గట్టిగా వేశాను, గోళ్ళతో విప్పలేక పంటితో లాగాడు. విప్పి, నాది నాకిచ్చాడు, తనది భుజాన వేసుకున్నాడు. ఆ నెలలోనే సంతలో మేకలన్నీ అమ్మేశాడు. చుక్కదీ పోయింది, దాని పిల్లా పోయింది. నేనన్న మాటే నిజమైంది. నిజమైనందుకు నాకు కలిగిన సంతోషమేమీ లేదు.

ఆపై ఏడాది వాన పడింది. ఇది చెప్పకపోతే కథ బాగుంటుంది, కానీ పడింది. మోడుకు పైనుంచి ఏమీ రాలేదు. కింద, నాయన లెక్కన సగం తెగి వేలాడుతున్న కొమ్మలన్నీ చిగురించాయి. మేక మూతికి అందే ఎత్తులో గొడుగు పట్టినట్టు ఆకు. తినడానికి ఒక్క మేక లేదు. నాకు పెళ్ళయి ఈ ఊరొచ్చాక, పుట్టింటికి పోయినప్పుడు ఆ చెట్టు కాయలే కోసుకుని వచ్చి, ఈ ఇంటి పక్క నిలబడి తిని గింజలు ఉమ్మేశాను. అందులో ఒకటి ఈ చెట్టు. ప్రేమగా నాటాను అని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. నాటలేదు. ఉమ్మాను.

ఆటో దిగేటప్పుడు సుజాత ఆ పసుపు కర్రను తనే మోసింది.

ఆదివారం పది గంటలకు ఇంట్లో ఫ్యాను ఆగింది. అయినా సుజాత రమణకు ఫోన్ చేసి, లైను ఆపినారా అని రెండుసార్లు అడిగి, మిద్దె మీద నిలబడింది. నేను పరికరంతో వచ్చిన పుస్తకం ముందురోజు రాత్రి పడుకునేలోపే తెలుగు పుటలన్నీ చదివేశాను. కొమ్మను కోయు విధానం అని ఒక పాఠం ఉంది. ముందు కొమ్మకు కింది వైపున గాటు పెట్టవలెను. తరువాత పైనుంచి కోయవలెను. లేనియెడల బెరడు చీలి కొమ్మ వేలాడును. బాగా అర్థమయింది. సాయంత్రం బడిలో పాఠం అప్పజెప్పినట్టు సుజాతకు అప్పజెప్పాను కూడా. ఆమె "సూపర్ మా" అంది.

కర్ర ఎత్తాను. సాగదీసింది పదడుగులే, కొమ్మ మొదలుకు సరిగ్గా అందింది. మెడ నొప్పి, కళ్ళలో రంపపు పొట్టు, భుజాలు మండుతున్నాయి. లాగి, దింపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగాను. కింది గాటు సంగతి నాకు గుర్తే లేదు. రంపం పైనుంచే తగిలించాను, తెలియకుండా. చాలాసేపటికి ఆ పసుపు కర్ర గుండా ఒక వణుకు వచ్చింది. ఫైబరులో కూడా వస్తుందని నేననుకోలేదు. యాభై ఏళ్ళకు పైగా రాని వణుకు. చేతులు ఆగిపోయాయి. ఫట్‌మని కొమ్మ వంగి, తీగలను వదిలేసి, గిర్రున కిందికి వాలి, బెరడు పట్టుకుని వేలాడింది. ఆకు కొసలు నా మొహానికి తగిలాయి.

"అమ్మా! ఆపేస్తివేంటికి? కొయ్, ఇంకా సగముండాది!" సుజాత మిద్దె మీద నుంచి అరిచింది. ఆమె కిందికి దిగి వచ్చి, వేలాడే కొమ్మను చూసి, నన్ను చూసింది. "ఎవురి కోసం పెడతివిమా ఇట్ల? మన ఇంట్లో మేక యాడుండాది?"

మళ్ళీ కర్ర ఎత్తబోయాను, లేవలేదు. సుజాత ప్రయత్నించింది, ఆమెకు కొస అదుపు కాలేదు. పన్నెండుకు ఫ్యాను తిరిగింది. "తీయించుకో అన్నాడు. ఇది తీసినట్టు కాదంటారు రేపు. మొదలికి కొట్టేస్తారు చూడు" అంది సుజాత. ఆకుల మీద కోపమున్న మనిషి గొంతు కాదు అది. కొమ్మ తీగలకు ఎడంగానే ఉంది, సాయంత్రం నేను ఇంకొకసారి ప్రయత్నించవచ్చు. భుజాలు నొప్పి అని చెప్పి పడుకున్నాను. సగం నిజం.

సోమవారం పొద్దున్నే రమణ ఇద్దరు మనుషులతో వచ్చాడు. వాళ్ళ చేతుల్లో గొడ్డలి, మోకు. గొడ్డలి పట్టుకున్నవాడు కొమ్మను చూసి, "తెగలేదు కదన్నా, వేలాడతాండాది. మొదలుపెడదామా?" అన్నాడు. సుజాత చెట్టుకు అడ్డంగా వచ్చి నిలబడింది, ఆఫీసు చీరలో. రమణ చెయ్యి చూపి ఆగమని, కొమ్మ కిందికి వచ్చి, తెగిన చోటును చాలాసేపు చూశాడు.

"ఎవురు కొట్టినారవ్వా ఇది?"

"నేనే."

"నువ్వా?" నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మా తాత ఇట్లే కొట్టేవాడు. మా ఊర్లో గుట్ట కింద చెట్లన్నీ ఇట్లే వేలాడతా ఉండేవి. చిన్నప్పుడు పట్టుకుని ఊగేవాళ్ళం." కొమ్మ కొస పట్టుకుని గట్టిగా కిందికి లాగాడు. బెరడు వదల్లేదు. తీగల వైపు చూశాడు. "గాలికి లేచి మళ్ళీ ఆడికి పోదు కదా?"

"కిందికి వంగింది పైకి లేస్తాదా నాయనా?"

"తెగలేదన్నా" అన్నాడు గొడ్డలి పట్టుకున్నవాడు మళ్ళీ.

రమణ జేబులోంచి పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు. నా రోగం ఊరుకోదు కదా, భుజం మీదుగా తొంగి చూసి చదివాను. కొమ్మ తొలగించబడినది. "ఏమప్పా, అబద్ధం రాస్తివే" అన్నాను. సుజాత నా కాలు తొక్కింది.

"గమ్మునుండవ్వా. నెల దినాల్లో ఎండిపోయి దానంతటదే రాలిపోతాదిలే. అప్పుడు నిజమైతాది" అన్నాడు రమణ.

ఎండదు నాయనా అని నోటి దాకా వచ్చింది. నోటి దాకా వచ్చిన మాటను నేను బయటికి పంపకుండా మింగిన సందర్భాలు నా బతుకులో లేవు. నాయనతో అన్నాను, పెళ్ళిచూపుల్లో అన్నాను, పంతులమ్మతో అన్నాను. ఆరోజు మింగాను.

రెండు నెలలయింది. పసుపు దోటి ముడుచుకుని బట్టలుతికే మిషను వెనక నిలబడి ఉంది. దానికి ఆముదం అక్కర్లేదు, పొగ అక్కర్లేదు, ఎవరి సంగట్లోనూ మసి రాల్చదు. మంచి పరికరమే, నేను అబద్ధం చెప్పను. పొద్దున ఊడ్చేటప్పుడు వేలాడే కొమ్మ నా నడుముకు తగులుతోంది. సుజాత దాన్ని పక్కకు జరుపుకుని ఆఫీసుకు పోతుంది, కొట్టేయమని అనదు. ఒకరోజు మాత్రం, మేకను కూడా ఫోన్‌లో తెప్పిద్దామా అంది. నిన్న చీపురు పక్కన పెట్టి చూస్తే, కొమ్మ కొస నిండా చిగురు. లేత ఎరుపు, పాపాయి గోళ్ళలాగా. మేక ముందరికాళ్ళు ఎత్తి నిలబడితే మూతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంది. వేలెడు ఎక్కువ కాదు, వేలెడు తక్కువ కాదు.